శాలువా కంటే ముందు

పంద్రాగస్టు వేదికపై ఆశ కార్యకర్తకు ప్రశంసాపత్రం ఇచ్చినప్పుడు అందులో ‘ఉత్తమ సేవలు’ అన్న రెండు మాటలే కనబడతాయి. ఏ తండాలో, ఏ ఇంట్లో, ఏం చేసినందుకో ఉండదు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని పది లక్షలకు పైగా ఆశలను పురస్కారంతో గౌరవించినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది, మంచిదే. చందంపేట తండాల్లోనో, అమ్రాబాద్ చెంచుపెంటల్లోనో తిరిగే ఆశమ్మకు మాత్రం మర్నాడూ అదే దారి, అదే సంచి.

ఆ సంచిలో ఏముందో చూడాలి. ఆస్పత్రిలో కాన్పయిన బాలింత ఇంటికి ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, అంటే ఆరుసార్లు, వెళ్ళి, బిడ్డను తూకపు జోలెలో వేసి బరువు చూసి, చంకలో థర్మామీటర్ పెట్టి, పాలు పట్టుకుంటోందో లేదో గమనించి రాసుకోవాలి. ఇన్ని రాకపోకలకు కేంద్రం నిర్ణయించిన పారితోషికం 250 రూపాయలు. వలస పోయిన బాలింత కోసం పాలమూరు పల్లె నుంచి ఆమె చేసే ఫోన్లు ఏ పద్దులోకీ ఎక్కవు.

2005లో ఆశ పథకం మొదలైన నాటి నుంచీ ఆమె లెక్కకు స్వచ్ఛంద కార్యకర్తే, జీతమున్న ఉద్యోగి కాదు. నెలకు 18 వేల స్థిర వేతనం ఇవ్వాలని ఆశలు అడుగుతున్నప్పుడు శాలువా కప్పి పంపడం సన్మానం కాదు, దాటవేత. ఆ డిమాండుకు జవాబు చెప్పాకే సన్మానాల మాట ఎత్తాలి.

అయితే ఆ వేతనం దక్కినా మరో కొరత మిగులుతుంది. అర్ధరాత్రి గర్భిణిని ఆటోలో తెచ్చిన ఆశమ్మను ‘నువ్వు బయటుండు’ అని గుమ్మంలోనే ఆపేసిన ఆస్పత్రి సిబ్బందిని మేము చూశాం. ఆమెకు కూర్చోవడానికి కుర్చీ చూపి, రోగి సంగతి ముందుగా ఆమెనే అడగడానికి జీవో ఏమీ అక్కర్లేదు. ఇక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా జరిగే సమావేశంలో బకాయి రిపోర్టుల కోసం మందలించడంతో సరిపెట్టక, ఎవరు ఏ కేసును వేళకు పసిగట్టారో డాక్టరే పదిమంది ముందు చెప్పాలి. గ్రామసభలోనూ సర్పంచ్ ఆ మాట చదివితే, ఊళ్ళో ఆమె మాటకు బరువు వస్తుంది.

మరో చిన్న పని: బిడ్డను ఆస్పత్రికి పంపుతూ ఆమె రాసిచ్చిన రెఫరల్ చీటీ వెనుక, బిడ్డకు ఏమైంది, ఇంటికెళ్ళాక ఏం చూడాలి అన్నది డాక్టర్ రెండు వాక్యాలు రాసి తిరిగి ఆమె చేతికి ఇవ్వాలి.