కత్తెర చేతుల వాడికి వీధిలో చోటెందుకు లేదు?

టిమ్ బర్టన్ 1990లో తీసిన ‘ఎడ్వర్డ్ సిజర్‌హ్యాండ్స్’ చిత్రంలో భయపెట్టవలసినవన్నీ కొండ మీది పాడుబడిన భవంతిలో ఉన్నాయి. చీకటి, నిలిచిపోయిన యంత్రాలు, చేతులకు బదులు కత్తెరలున్న యువకుడు. అయినా నన్ను వణికించింది కొండ దిగువన లేత రంగుల ఇళ్లు బారులు తీరిన శివారు కాలనీయే. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో పెరిగిన బర్టన్, ఫ్లోరిడాలోని నిజమైన కాలనీకి ఆ రంగులు వేయించి ఈ కథను చిత్రీకరించారు. కోట రాక్షసుడిది, ఊరు మంచివాళ్లది అనే పాత గోథిక్ భయానక కథల పంపకం ఇక్కడ చెల్లదు.

ఎడ్వర్డ్‌ను కొండ దింపి తన ఇంటికి తీసుకువచ్చే పెగ్, ఇంటింటికీ తిరిగి ఏవాన్ సౌందర్య సాధనాలు అమ్మే గృహిణి. ఆమె మనసులో కల్మషం లేదు. కానీ అతని ముఖం మీది గాట్లు చూడగానే ఆమె చేతికి అందినది క్రీము సీసా. ఒక రంగు సరిపడకపోతే మరొకటి కలుపుతూ ఆ మచ్చలను కప్పడానికి ఆమె పడే తాపత్రయాన్ని తేలికపాటి హాస్యంగా చూసి వదిలేస్తాం. నాకు మాత్రం మిగిలిన కథంతా అందులోనే ఇమిడి ఉందనిపిస్తుంది. ఎడ్వర్డ్ ఆ వీధిలో ఉండాలంటే అతని తేడా కనబడకుండా పోవాలి, లేదా పదిమందికీ పనికిరావాలి.

పనికివచ్చింది. పొదలు కత్తిరించాడు, కుక్కల బొచ్చు కత్తిరించాడు, చివరికి ఆడవాళ్ల జుట్టుకు కొత్త సోయగాలు దిద్దాడు. విందుకు పిలిచారు, టీవీలో కూర్చోబెట్టారు. బ్యాంకు మాత్రం అప్పు ఇవ్వలేదు. తాను మనసిచ్చిన అమ్మాయి కిమ్ కోసం ఒక దొంగతనంలో చిక్కుకుని, అసలు దోషి పేరు చెప్పకుండా నింద మోసిన మరుక్షణం నుంచి, నిన్న తల వంచి జుట్టు అప్పగించిన వాళ్లకే అవే కత్తెరలు ఆయుధాలుగా కనిపించాయి. అతనిలో ఏదీ మారలేదు.

అతన్ని తయారుచేసిన శాస్త్రవేత్తగా విన్సెంట్ ప్రైస్ నటించారు. భయానక చిత్రాలతో పేరుపొందిన ఆ నటుడు బర్టన్‌కు చిన్ననాటి ఆరాధ్యుడు. ఆ వృద్ధుడు ఎడ్వర్డ్‌కు మర్యాదలు నేర్పాడు, కవిత్వం చదివి వినిపించాడు, చేతులు అమర్చేలోపే కన్నుమూశాడు.

చివరికి ఎడ్వర్డ్ చనిపోయాడని కిమ్ అబద్ధం చెబితేగాని తరుముకొచ్చిన గుంపు ఇళ్లకు మళ్లలేదు. ఏళ్లు గడిచి ముసలిదైనా, మనసారా ప్రేమించిన ఆ కిమ్ మళ్లీ కొండ ఎక్కలేదు. తనను ఒకప్పటి రూపంలోనే అతను గుర్తుంచుకోవాలని ఆమె కోరిక. తన ముఖం మీది ముడతలను అతని కంట పడనివ్వకూడదనుకున్న కిమ్, ఆనాడు క్రీము సీసా అందుకున్న పెగ్ కూతురే.