తాత్కాలికం అంటే ఎన్నేళ్లు?

చెన్నైలోని బ్రాడ్వే బస్టాండును పడగొట్టి, పక్కనున్న కురళగం అనే ప్రభుత్వ భవనం స్థలంతో కలిపి అక్కడ బహుళ అంతస్తుల రవాణా సముదాయం కట్టాలన్న నిర్ణయం గురించీ, అది పూర్తయ్యేదాకా బస్సులను రాయపురానికీ ఐలాండ్ గ్రౌండ్స్‌కూ మళ్లించే ఏర్పాటు గురించీ మా పాఠకులకు కొత్తగా చెప్పవలసినదేమీ లేదు. పాత బస్టాండు ఇరుకు, కంపు, వాన పడితే నిలిచే నీళ్లు అందరూ అనుభవించినవే కనుక కొత్త కట్టడం కావాలన్న వాదనలో న్యాయముందని ఒప్పుకుంటున్నాం. మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ వ్యవహారమంతటా వినిపిస్తున్న ఒక్క మాట. బస్సులు తాత్కాలికంగా వెళ్తాయట. ఆ బస్సులు దించే జనం మీద ఆధారపడి చుట్టుపక్కల వీధుల్లో బతికే చిన్న అంగళ్లవాళ్ల సంగతి, పూలమ్మేవాళ్ల సంగతి, తోపుడు బండ్లవాళ్ల సంగతి ఏమిటని అడిగితే దానికీ అదే జవాబు. ఎన్నాళ్లు, ఎక్కడికి, తిరిగి ఏ చోటికి అన్న మూడు ప్రశ్నలకూ కాగితం మీద సమాధానం రాకుండా ఈ మాటను నమ్మమనడం బ్రాడ్వే ఉన్న ఈ పాత వర్తకపు పేట, జార్జిటౌన్, చరిత్ర తెలిసినవారెవరూ అడగకూడని కోరిక.

ఆ చరిత్ర దూరాన లేదు. సెంట్రల్ స్టేషన్ పక్కన 1900లో తెరిచిన మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, పిల్లల బొమ్మలు, పెంపుడు పక్షులు దొరికేవని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 1985 మే 30న అది తగలబడింది. వర్తకులను పక్కనే అల్లికుళం సముదాయంలోకి పంపారు. మార్కెట్ ఉన్న నేల మీద రైల్వేవారి సబర్బన్ స్టేషన్ భవనం లేచింది, ఆ భవనాన్ని ఇవాళ్టికీ మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే పిలుస్తున్నారు. పేరు అక్కడే నిలిచిపోయింది, వర్తకులు మాత్రం నాలుగు దశాబ్దాలు దాటినా పాత నేలకు తిరిగి రాలేదు. పాత పుస్తకం కోసం వెతుక్కుంటూ వెళ్లే కొద్దిమందికి తప్ప అల్లికుళం ఎటు ఉందో ఈ తరానికి తెలియనే తెలియదు. అది నిప్పు వల్ల జరిగిన నష్టమని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఒకసారి కదిలిన అంగడికి తిరిగివచ్చే హక్కును రాసివ్వకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

ఈ పేటలోని టోకు కాయగూరల బజారు కొత్వాల్ చావడిని 1996లో నగరం పడమటనున్న కోయంబేడుకు తరలించినప్పుడు ఏ నిప్పూ లేదు. ఇరుకు సందుల్లో లారీలు ఇరుక్కుంటున్నాయన్నారు, అది నిజమే. పెద్ద మండీదారులకు కోయంబేడులో అంగళ్లు దక్కాయి. వాళ్లతోపాటు చావడిలో బతికినవాళ్లందరికీ ఆ లెక్కలో చోటు దొరకలేదు. మూటలు మోసే కూలీలు, గంపతో కాయగూరలు పట్టుకుని వీధి చివర కూర్చునే ఆడవాళ్లు, తెల్లవారుజామున మూడింటికి పొయ్యి రాజేసి లోడు కూలీలకు ఇడ్లీలు పెట్టే చిన్న హోటళ్లు ఏమయ్యాయో ఎవరూ పట్టించుకోలేదు. కన్యకా పరమేశ్వరి గుడి చుట్టూ అల్లుకున్న ఆ బజారులో తెలుగు కోమట్ల పద్దు పుస్తకాలు తరతరాలుగా తెలుగులోనే నడిచాయి. చావడి పోయాక చిల్లర కిరాణాలు, ప్లాస్టిక్ సామాన్ల అంగళ్లు ఆ చోటును నింపి ఉండవచ్చు. తెల్లవారుజామున ఆ వీధికి ఉండిన సందడి మాత్రం మళ్లీ రాలేదు.

బస్సుల సంగతి కూడా ఇదే తీరు. నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి, గూడూరు నుంచి వచ్చే మనవాళ్లు ఒకప్పుడు బ్రాడ్వేలోనే దిగేవారు. 2002లో బయటి ఊళ్ల బస్సులు కోయంబేడుకు వెళ్లాయి. 2018 అక్టోబరులో ఆంధ్ర బస్సులకు మాధవరంలో కొత్త స్టాండు తెరిచారు. ప్రతి తరలింపుకూ కారణం ఉంది, ప్రతి కారణమూ విడిగా చూస్తే సబబుగానే ఉంది. కానీ పెళ్లి సరుకుల కోసం నెల్లూరు నుంచి బయలుదేరే కుటుంబాన్ని తలచుకోండి. ఆండర్సన్ వీధిలో శుభలేఖలు, గొడౌన్ వీధిలో బట్టలు, మింట్ వీధిలో స్టీలు సామాను, రాసప్ప చెట్టి వీధిలో పసుపుకొమ్ములూ మూలికలూ, దేవరాజ ముదలి వీధిలో దేవుడి పటాలూ అద్దాలూ, అన్నీ కాలినడకన ఒక్క రోజులో ముగిసే పని అది. సాయంత్రం మూటలు మూడు చక్రాల తొక్కుడు బండికి ఎక్కించి, బస్సు పైకి వేయించి, రాత్రికి ఇల్లు చేరేవారు. రైలు ఇప్పటికీ సెంట్రల్‌కే వస్తుంది, నిజమే. బస్సులో వచ్చేవాడికి మాత్రం ప్రతి తరలింపుతో ఒక మార్పిడి, ఒక ఆటో కిరాయి, ఒక గంట అదనంగా చేరాయి. చివరకు ఆ కుటుంబం తమ ఊళ్లోని పెద్ద దుకాణానికే వెళ్లి ఊరుకుంటుంది. జార్జిటౌన్ బేరం ఎక్కడికి పోయిందని ఆశ్చర్యపడేవారు ఈ బస్సుల దారిని ఒకసారి పటం మీద గీసి చూడాలి.

మా విలేఖరి గతవారం బస్టాండు చుట్టుపక్కల ఒక సాయంత్రమంతా గడిపి వచ్చారు. ఆయన చూసినవాటిలో ఒకటి ఇక్కడ చెప్పాలి. కాలిబాట అంచున, మూసిన షట్టరు మెట్టు మీద, ఒకావిడ చెక్కపలకపై తడిగోనె పరిచి మల్లెలు, కనకాంబరాలు పెట్టుకుని కూర్చుంది. వేళ్లు ఆగకుండా కడుతూనే, మోచేతి నుంచి వేలికొస వరకు ఒక మూర కొలిచి, తెంపి, అరటాకు ముక్కలో చుట్టి ఇస్తోంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పని ముగించుకుని బస్సెక్కబోయే గుమాస్తాలు, టైపిస్టులు, అంగళ్లలో పనిచేసే అమ్మాయిలు. కొందరి దగ్గర ఆవిడ డబ్బు అడగనే లేదు, నెలాఖరుకు ఇస్తారట. తెల్లవారుజామున కోయంబేడులో కొన్న పూలు రాత్రి ఎనిమిదిలోగా అమ్ముడుపోవాలి, పోకపోతే మరుసటి రోజు పెట్టుబడి లేదు. ఆ అరువు ఖాతా ఆవిడ తలలోనే ఉంది. బస్సులు రాయపురానికి వెళ్లిన రోజున ఆవిడ గంప ఎత్తుకుని వెళ్లగలదు. ఆ గుమాస్తాలు ఏ స్టాపులో ఏ బస్సు ఎక్కుతారో, పాత బాకీ ఎవరిని అడగాలో ఆవిడకు చెప్పేవారెవరు? ఆవిడకు ‘తాత్కాలికం’ అంటే ఒక్క వారం. ఆ వారం గడిస్తే ఆ వ్యాపారం లేదు.

ఈ పేట పుట్టుకే ఒక తరలింపు. 1746లో ఫ్రెంచివారు ఆంగ్లేయుల సెయింట్ జార్జి కోటను పట్టుకున్న తరువాత గోడను ఆనుకుని మనవాళ్లు నివసించే పాత నల్లపట్నాన్ని కూల్చడం మొదలుపెట్టారు, తిరిగివచ్చిన ఆంగ్లేయులు మిగిలినదీ తొలగించి అక్కడ ఖాళీ మైదానం మిగిల్చారు. అందులో ఉన్న జనమే ఉత్తరానికి జరిగి ముత్యాలపేటలో, పెద్దనాయకన్‌పేటలో స్థిరపడ్డారు. ఇవాళ హైకోర్టు ఉన్న ఆవరణలో ఒకప్పుడు చెన్నకేశవస్వామి గుడి ఉండేది. దాన్ని కూల్చినందుకు బదులుగా ఈస్టిండియా కంపెనీవారు కొత్త పేటలో స్థలం ఇచ్చారు, మణలి ముత్తుకృష్ణ ముదలియార్ పూనికతో చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర ఆలయాలు మళ్లీ లేచాయి. లాభం తప్ప మరో ధ్యాస లేని ఒక విదేశీ వర్తక సంస్థ కూడా గుడి తీసేసినప్పుడు గుడికి చోటు చూపించవలసి వచ్చింది. ఓట్లతో వచ్చిన ప్రభుత్వానికి, 1688లో పుట్టి దేశంలోనే అతి పాతదిగా పేరొందిన నగరపాలక సంస్థకు, పూలగంపకు చోటెక్కడో ముందుగా రాసి ఇవ్వడం అంత కష్టమా?

చట్టం లేక కాదు ఈ దుస్థితి. 2014 నాటి వీధి వర్తకుల చట్టం దేశమంతటా అమల్లో ఉంది. వర్తకులను లెక్కించి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని అది అంటుంది. తరలించవలసివస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంటుంది. నగర వర్తక కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వర్తకుల ప్రతినిధులే ఉండాలంటుంది, వారిలో మూడో వంతు ఆడవాళ్లు. 50 ఏళ్లకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ బజారులను వారసత్వ బజారులుగా ప్రకటించాలనీ, అక్కడి వీధి వర్తకులను కదపరాదనీ కూడా చెబుతుంది. జార్జిటౌన్ వీధుల్లో 50 ఏళ్ల బజారు కానిది ఏది? ఆ మాటను ఇక్కడ వర్తింపజేస్తారా లేదా అన్నది అధికారులు సూటిగా చెప్పాలి. వర్తించదంటే ఎందుకు వర్తించదో చెప్పాలి. ‘తాత్కాలికంగా తరలిస్తున్నాం కనుక ఇది తరలింపు కాదు’ అన్న తర్కం మొదలైతే ఆ చట్టంలో ఒక్క అక్షరమూ మిగలదు.

మా భయమంతా ఇదే. బ్రాడ్వేలో ఈ మాట చెల్లితే రేపు ప్రతిచోటా చెల్లుతుంది. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు కాలిబాట వర్తకుల మీద ఏనాటినుంచో ఒత్తిడి ఉంది. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగివచ్చినవాళ్లు నిలబెట్టుకున్న బర్మా బజారు రోడ్డంచునే ఉంది. రేపు ఒక వంతెన కోసం, ఎల్లుండి ఒక కాలువ కోసం వీటిలో దేన్నైనా కదిలించవచ్చు. ప్రతిసారీ మంచి కారణమే ఉంటుంది. కట్టడానికి ఒప్పందపత్రం ఉంటుంది, కాంట్రాక్టరుకు గడువు ఉంటుంది, ఆలస్యమైతే జరిమానా కూడా ఉంటుంది. కదిలేవాడికి మాత్రం ఒక నోటిమాట. ఒకే పనిలో ఒకరికి కాగితం, ఇంకొకరికి నోటిమాట అన్న ఈ తేడానే మేము తప్పుబడుతున్నాం.

కొత్త సముదాయంలో వాణిజ్య అంతస్తులు ఉంటాయి కదా, అందులో అందరికీ చోటు దొరుకుతుందని కొందరు అంటున్నారు. ఆ అంతస్తుల్లో అద్దె ఎంత, ముందుగా కట్టవలసిన అడ్వాన్సు ఎంత, అంగళ్లను వేలం వేస్తారా, పాత పేర్ల ప్రకారం కేటాయిస్తారా? పాండీ బజారు కాలిబాట వర్తకులను 2013లో బహుళ అంతస్తుల సముదాయంలోకి ఎక్కించిన తరువాత మెట్లెక్కి వచ్చే గిరాకీ లేదని వాళ్లు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నారో టీనగర్ వెళ్లే మన పాఠకులకు తెలుసు. దారిన పోయేవాడి చూపు మీద నడిచే వ్యాపారాన్ని మూడో అంతస్తుకు ఎక్కించడం దాన్ని మూసేయడంతో సమానం. నేల అంతస్తులో, బస్సు దిగేవాడు నడిచే దారిలో, కొలత గీసిన చోటు కావాలి.

పేట అంటే కేవలం అమ్మకాలు కాదని చెప్పవలసిన అవసరం కూడా ఇప్పుడు వచ్చింది. మూడు తరాల నుంచి ఈ ఊళ్లో ఉంటూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలకు తమ భాష అక్షరాల్లో కనిపించే చోట్లు తగ్గిపోతున్నాయి. శుభలేఖ తెలుగులో వేయించాలంటే ఆండర్సన్ వీధిలో అక్షరాలు కూర్చే ముసలాయన ఇంకా దొరుకుతాడు, ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’ ఎలా రాయాలో ఆయనకు చెప్పనక్కరలేదు, వధూవరుల గోత్రాలు తప్పు రాసుకొచ్చినా అడిగి సరిదిద్దుతాడు. తాతకు ఇచ్చిన అంగడివాడే మనవడికి కూడా ముఖం చూసి అరువు ఇస్తాడు. ఇలాంటి పరిచయాలను పది కిలోమీటర్ల అవతల కొత్త కాంక్రీటులో మళ్లీ నాటడం ఎవరి తరమూ కాదు. బస్టాండు చుట్టూ జనం పలచబడితే మొదట పోయేది వీధి అంచున ఉన్నవాడు, ఆ తరువాత సందులోని చిన్న అంగడి, ఆ తరువాత అచ్చు పని. పెద్ద గోడౌన్ల యజమానులకు ఈ వరుస అర్థం కావడం లేదా, లేక తమ దాకా రాదులే అనుకుంటున్నారా?

అధికారులను మేము అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. బస్టాండు పరిసరాల్లో లెక్కించిన వర్తకుల పేర్ల జాబితాను అదే వీధిలో, తమిళంలోనూ తెలుగులోనూ, అందరూ చదివేలా అతికించాలి. రాయపురంలో, ఐలాండ్ గ్రౌండ్స్‌లో ఎవరికి ఏ చోటో ఆ పేర్ల పక్కనే రాయాలి. కొత్త సముదాయంలో తిరిగి ఏ చోటో, ఏ తేదీకో, ఎంత అద్దెకో రాసి, సంతకం చేసి వాళ్ల చేతికి ఇవ్వాలి. గడువు దాటితే నెలకు ఎంత పరిహారమో అందులోనే ఉండాలి. ఇవి లేకుండా మొదటి గునపం దిగకూడదు.

ఇక మన సంఘాల సంగతి. బ్రాడ్వేకు అధికారికంగా ఉన్న పేరు ప్రకాశం సాలై. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ఈ దాపులనే తుపాకుల ముందు రొమ్ము చూపించిన టంగుటూరి ప్రకాశం పంతులు పేరు అది. ప్రతి ఆగస్టు 23న ఆయన పటానికి దండ వేసి, ఉపన్యాసాలిచ్చి, ఫొటోలు పత్రికలకు పంపే తెలుగు సంఘాలు ఈ నగరంలో తక్కువేమీ లేవు. వాటిలో ఎన్నో ఈ పేట వర్తకుల చందాలతోనే నడుస్తున్నాయి. ఆ ఫొటోలు అచ్చువేసిన పత్రికగా మేమూ ఈ ప్రశ్నకు బాధ్యులమే: ఈ తరలింపు మీద ఆ సంఘాల నుంచి ఒక్క వినతిపత్రమైనా ఎందుకు కదలలేదు? వచ్చే జయంతికి దండ కొనడానికి పంతులుగారి పేరున్న ఈ వీధికి వెళ్లే కార్యదర్శులు, దాన్ని కట్టి ఇచ్చే మనిషి అక్కడ కూర్చుని ఉందో లేదో చూసుకుని, లేకపోతే ఎక్కడికి పంపారో నగరపాలక సంస్థను రాతపూర్వకంగా అడిగిన తరువాతే సభ మొదలుపెట్టాలి.