మిర్చి ఎరుపు, పత్తి తెలుపు, రామప్ప నలుపు

ఫిబ్రవరి వచ్చిందంటే వరంగల్ ఏనుమాముల మార్కెట్ ఎర్రబడుతుంది. యార్డు నిండా మిర్చి బస్తాలు, వాటి మధ్య ఇరుకు దారుల్లో హమాలీలు, తూకం వేసే దడవాయిలు, ధర తేల్చే వేలం అయిన జెండా పాట కోసం పొద్దున్నే వచ్చి కూర్చున్న రైతులు. కెమెరా ఉన్నవాళ్లెవరికైనా చెయ్యి ఆగని దృశ్యం అది. కానీ తెల్లారేసరికి సోషల్ మీడియాలోకి వచ్చే బొమ్మల్లో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉంటాయి. మిర్చి ఉండాల్సిన చోట ఎర్రటి ముద్ద కనిపిస్తుంది. తొడిమ తెలియదు, ముడత తెలియదు. అది సన్నటి తేజానో, పొట్టిగా లావుగా ఉండే చపాటానో పండించిన రైతు కూడా పోల్చుకోలేడు.

వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ, అదే దాని గొప్పతనం. ఏ రంగును చూసి ఆ గుర్తింపు ఇచ్చారో ఆ రంగే మన ఫోటోల్లో పాడవుతోంది. ఇది చిన్న విషయం కాదు. ప్రపంచం మెచ్చుకున్న ఫోటోల గురించి మాట్లాడినప్పుడల్లా మనవాళ్లు కెమెరా ఖరీదు దగ్గర మొదలుపెడతారు. మన ప్రాంతపు ఫోటోలను వెనక్కి లాగుతున్నది కెమెరా కాదు. ఎదురుగా ఉన్న వస్తువు సంగతి తెలియకుండా తీయడం, తీశాక దాని రంగును మార్చేయడం.

మిర్చి ఎందుకు ముద్దవుతుందో చూద్దాం. సెన్సర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను వేర్వేరుగా కొలుస్తుంది. కెమెరా తెర మీద ఎంత వెలుగు ఎక్కడుందో చూపే గ్రాఫ్, అంటే మామూలు హిస్టోగ్రామ్, ఈ మూడింటినీ కలిపి గీస్తుంది. ఆ లెక్కలో ఆకుపచ్చకు దాదాపు 59 శాతం, ఎరుపుకు 30, నీలానికి 11 శాతం బరువు ఇస్తారు. మిర్చి రాశిలో ఉండేదంతా ఎరుపే. ఎరుపు గిన్నె పొంగిపోయినా, మిగతా రెండు గిన్నెలు ఖాళీగా ఉండటంతో గ్రాఫ్ మాత్రం ఇంకా చోటుందనే చెబుతుంది. ఎరుపు విలువ గరిష్ఠమైన 255కు చేరి ఆగిపోయిందంటే, ఆపైన కాయకూ కాయకూ మధ్య ఉన్న తేడాలన్నీ ఒకటే అంకె అయిపోతాయి. జేపీఈజీలో పోయిన ఆ వివరం తర్వాత ఏ యాప్‌తోనూ తిరిగి రాదు.

దీనికి మందు తేలికే. హిస్టోగ్రామ్‌ను మూడు రంగులు విడివిడిగా చూపేలా పెట్టుకోవాలి. ఎరుపు కుడి అంచును తాకకుండా ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరాలోకి వచ్చే వెలుగును, మూడింట రెండు వంతుల స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది) తగ్గించాలి. పిక్చర్ ప్రొఫైల్ ‘వివిడ్’ మీద ఉంటే ‘న్యూట్రల్’కు మార్చాలి, వీలైతే సెన్సర్ కొలిచినదంతా దాచే ‘రా’ (RAW) ఫైల్ తీయాలి. ఫోన్‌లోనైతే మిర్చి రాశి మీద వేలు పెట్టి లాక్ అయ్యేదాకా నొక్కి ఉంచి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి జరపాలి. ఎండుమిర్చి తోలుకు మెరుపు ఉంటుంది. నడి ఎండలో ఆ మెరుపు తెల్లటి చుక్కలై కూర్చుంటుంది. పొద్దున ఎనిమిదిలోపో, మబ్బు పట్టినప్పుడో తీస్తే ముడతలు కనబడతాయి. ఎండలో తప్పదంటే లెన్స్‌కు పోలరైజర్ అనే ఫిల్టర్ బిగించి, మెరుపు తగ్గేదాకా తిప్పాలి.

ఫ్రేములో ఎరుపు కాని వస్తువు ఒకటి ఉండేలా చూసుకోవాలి. గోనెసంచి గోధుమరంగు, రైతు భుజం మీది తువ్వాల, కాంటా ఇనుము, ఏదైనా సరే. కంటికి ఎరుపును కొలవడానికి ఒక తూకపురాయి కావాలి. అది లేకపోతే ఎంత మంచి ఎరుపైనా తేలిపోతుంది. మరో మాట: యార్డులో లెన్స్ మార్చకూడదు. మిర్చి దుమ్ము ముక్కులోకి పోయినంత తేలిగ్గా సెన్సర్ మీదికీ పోతుంది. అక్కడ ఆ చుక్కలు కనిపించవు. తర్వాత లెన్స్ ద్వారం చిన్నదయ్యే ఎఫ్/16 దగ్గర తెల్లటి పత్తిని తీసినప్పుడు మచ్చలుగా బయటపడతాయి.

అదే మార్కెట్‌కు వచ్చే పత్తిది సరిగ్గా తలకిందుల సమస్య. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కు పత్తీ తెలియదు, బొగ్గూ తెలియదు. ఎదురుగా ఏది ఉన్నా దాన్ని మధ్యస్థమైన బూడిదరంగుగా, పుస్తకాల లెక్కలో 18 శాతం వెలుగును తిప్పికొట్టేదిగా, అనుకుని వెలుగు సరిచేస్తుంది. తెల్లటి పత్తి కుప్పతో ఫ్రేము నింపితే అది బూడిదరంగులో వస్తుంది. పత్తి తెలిసినవాళ్ల కంటికి అది వానకు తడిసి రంగు మారిన సరుకు. తేమ 8 శాతం దాటితే ధర కోత పడే, 12 దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోని పంట అది. మంచి పత్తిని అలా చూపించే ఫోటో రైతు సరుకు మీద అబద్ధం చెప్పినట్టే. ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి ఒకటింబావు స్టాప్ దాకా పెంచితే తెలుపు తెలుపుగా వస్తుంది. అంతకు మించి పెంచితే మాత్రం దూది పోగులు కరిగిపోతాయి.

ఇక రామప్ప. పాలంపేటలో కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 1213 నాటి శాసనం ఉంది. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరినప్పటి నుంచి దీని ఫోటోలకు అంతు లేదు. గోడలు, స్తంభాలు ఎరుపు కలిసిన ఇసుకరాయి. చూరు కింద నిలిచిన మదనికలనే స్త్రీ శిల్పాలు నునుపు తేలిన నల్లరాయి. ఒకే ఫ్రేములో ఈ రెండు రాళ్లూ పడతాయి, రెండింటికీ కావలసిన వెలుగు వేరు. నల్లరాయి మీద మీటర్ పెడితే కెమెరా దాన్ని బూడిదరంగుకు తేవాలని వెలుగు పెంచుతుంది. మదనిక భుజాల మీది మెరుపు తెల్లబోతుంది, వెనకున్న ఇసుకరాయి పాలిపోతుంది. మూడింట రెండు వంతుల స్టాప్ నుంచి ఒక స్టాప్ తగ్గించి తీయాలి. ఫ్లాష్ అసలు వద్దు. నునుపు రాయి దాన్ని అద్దంలా తిప్పికొట్టి, విగ్రహం నడుమ తెల్లటి మచ్చ పెడుతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది అంతకన్నా ముఖ్యం. పాలంపేట దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నడుమ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, చూరు నీడ మొత్తం మదనికల మీదే పడుతుంది. వేసవి సెలవుల్లో పన్నెండింటికి తీసిన మదనికల ముఖాలు నల్లగా రావడానికి కారణం ఇదే. డిసెంబర్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి ఒరిగి 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణ ద్వారం వైపు చూరు కిందికి వెలుగు ఏటవాలుగా చొరబడుతుంది. తూర్పు ద్వారానికి ఏ నెలలోనైనా పొద్దుపొడుపు తర్వాతి గంట మంచిది.

మదనికలు స్తంభం భుజం నుంచి చూరు దాకా ముందుకు వాలి ఉంటాయి. కిందనే నిలబడి ఫోన్‌లో 0.5 పెట్టి తీస్తే కాళ్లు బారెడు, తల నిమ్మకాయంత వస్తాయి. శిల్పి కొలిచి చెక్కిన నిష్పత్తి అక్కడే పాడవుతుంది. పదిహేను, ఇరవై అడుగులు వెనక్కి జరిగి, కెమెరాలో 85 నుంచి 135 మిల్లీమీటర్ల లెన్స్, ఫోన్‌లోనైతే 3ఎక్స్ వాడాలి. ఒక మదనిక పాదాన్ని అలా దగ్గరికి తెచ్చుకుని చూడండి. మడమ దగ్గర ఎత్తుగా ఉన్న చెప్పు, దాని పట్టీ అంచు, వేళ్ల మధ్య సందు, అన్నీ ఏటవాలు వెలుగులో విడివిడిగా లేస్తాయి. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఉలి ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. గుడి మొత్తాన్ని నారింజ రంగు ఆకాశం కింద చూపే వంద బొమ్మలకన్నా ఆ ఒక్క పాదం ఎక్కువ చెబుతుంది.

ఆ నారింజ ఆకాశం గురించే కాస్త గట్టిగా మాట్లాడాలి. శాచురేషన్ పెంచినప్పుడు రామప్ప ఇసుకరాయి ఇటుక రంగుకు తిరుగుతుంది. చూసి వెళ్లినవాళ్లకు అసలు గుడి వెలిసిపోయినట్టు అనిపిస్తుంది. వానాకాలంలో బోగత జలపాతం నీళ్లు మట్టి కలిసి ఎర్రగా దూకుతాయి, దాని అందమే అది. ఆ నీటిని నీలం చేసి పెడుతున్నారు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక గీజా పిరమిడ్లను కంప్యూటర్‌లో దగ్గరికి జరిపి, అడ్డంగా ఉన్న ఫోటోను నిలువు ముఖచిత్రంలో పట్టించింది. జరిపింది కొద్దిగానే, కానీ నాలుగు దశాబ్దాలు దాటినా ఆ మచ్చ పోలేదు. 2009లో ఉత్తమ వన్యప్రాణి ఫోటోగా అంతర్జాతీయ బహుమతి పొందిన తోడేలు చిత్రానికి మరుసటి జనవరిలో ఆ బహుమతి రద్దయింది. అది మచ్చిక చేసిన తోడేలై ఉంటుందని న్యాయనిర్ణేతలు తేల్చారు. ఫోటోలో ప్రతి వెంట్రుకా నిజమే, కానీ చెప్పిన సంగతి నిజం కాదు. ఎక్స్‌పోజర్ సరిచేయడం, వంకర తీయడం, మనిషి కంటికి కనిపించినంత దాకా నీడలను తేల్చడం సబబే. రాయి రంగును, నీటి రంగును మార్చడం వేరే పని. దాన్ని ఆ చోటి ఫోటో అనకూడదు.

బతుకమ్మ రాత్రుల్లో మరో ఇబ్బంది. ఎల్‌ఈడీ దీపాలు కంటికి తెలియకుండా సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ సెకనులో 1/500వ వంతు పెడితే ఫోటో మీద నల్లటి పట్టీలు వస్తాయి. 1/100 లేదా 1/50 దగ్గర అవి పోతాయి. ఫోన్ నైట్ మోడ్ చాలా ఫ్రేములను ఒకదానిమీద ఒకటి పేర్చుతుంది కాబట్టి చప్పట్లు కొట్టే చేతులు రెండేసి, మూడేసి వస్తాయి. దాన్ని ఆపేసి, దీపం దగ్గరికొచ్చే ఆడబిడ్డ కోసం ఆగడం మేలు. తంగేడు పసుపు, గునుగు తెలుపు పక్కపక్కనే ఉండే వరుసలో గునుగు మీద ఎక్స్‌పోజర్ పట్టుకుంటే రెండూ నిలుస్తాయి.

వెలుగును ముందే ఎరిగి ఉండటం ఎంత పనికొస్తుందో అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ఒక ఫోటో చెబుతుంది. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చందమామ లేస్తుండగా ఆయనకు మీటర్ దొరకలేదు. సమాధుల మీది తెల్లటి శిలువల నుంచి ఎండ జారిపోతోంది. చందమామ వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని ఆయనకు కంఠతా వచ్చు. దాన్నిబట్టి లెక్కకట్టి ఒక్క ప్లేటు తీశాడు, రెండోది తీసేలోపు వెలుగు పోయింది. ఇక్కడ మనకూ అలాంటి సాయంత్రం రెండేళ్లకోసారి వస్తుంది. మేడారం జాతర మాఘ పౌర్ణమికి ఆనుకునే జరుగుతుంది. సమ్మక్క గద్దెకు వచ్చే గురువారం పొద్దుగూకే వేళకే చందమామ తూర్పున లేచి ఉంటాడు. ఎఫ్/11, ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/100, నిండు చందమామకు ఇది లెక్క. జాతర దుమ్ములో ఒకటి రెండు స్టాప్‌లు పెంచుకోవాలి. చీకటి పడేదాకా ఆగితే చందమామ తెల్లటి బిళ్ల అవుతుంది, కింద జనం కనబడరు. నేలా ఆకాశమూ ఒకే ఫ్రేములో నిలిచేది ఆ ఇరవై నిమిషాలే.

మేడారంలో తీయకూడనివీ ఉన్నాయి. జంపన్నవాగులో స్నానాలు చేసే ఆడవాళ్ల ఫోటోలు ప్రతి జాతరకూ బయటికొస్తాయి. భక్తి పేరుతో, దృశ్యం పేరుతో వాటిని పెట్టడం తప్పు. దూరం నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. చిలకలగుట్ట మీద కోయ పూజారులు చేసే క్రతువు వాళ్లది, అక్కడికి కెమెరా ఎక్కకూడదు. బెల్లం ‘బంగారం’ ఎత్తుకుని వచ్చే తల్లిని తీయాలంటే ఎదురుగా నిలబడి, అడిగి, తీశాక చూపించాలి. పేరు, ఊరు రాసుకోవాలి.

పేరు రాసుకోకపోతే ఏమవుతుందో ప్రపంచంలో అన్నిటికన్నా పేరుపడ్డ రెండు ముఖాలు చెబుతాయి. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కూలీల గుడారంలో ఫోటోగ్రాఫర్ డొరోథియా లాంజ్ పిల్లలతో ఉన్న ఒక తల్లిని తీసింది. ఫోటో లోకమంతా తిరిగింది. పేరు మాత్రం అడగలేదు. ఆ తల్లి ఎవరో బయటికొచ్చేసరికి 1978 అయింది. ఆ బొమ్మ వల్ల తనకు ఒరిగింది ఏమీ లేదని, అసలు తీయకుండా ఉంటే బాగుండేదని ఆమె బాధపడింది. ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కరీ 1984లో పెషావర్ దగ్గరి శరణార్థుల శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ల బాలిక నేషనల్ జియోగ్రాఫిక్ 1985 జూన్ ముఖచిత్రమైంది. ఆమె పేరు లోకానికి తెలిసింది 2002లో. రెండూ గొప్ప ఫోటోలే. రెండింటిలోనూ లోటు ఒకటే.

వరంగల్‌లో పుట్టి, తెలంగాణ పల్లె బతుకును దశాబ్దాల పాటు కెమెరాలో దాచిన భరత్ భూషణ్ 2022 జనవరిలో వెళ్లిపోయారు. అలాంటి పనికి విలువ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఇప్పుడు ఫోన్లలో పోగవుతున్న లక్షల బొమ్మలకు ఆ విలువ రావాలంటే కింద ఒక వాక్యం కావాలి. ‘మిర్చి యార్డు’ అని రాస్తే చాలదు. ఊరు, మండలం, తేదీ, పూట, ఏ రకం కాయ, ఆ మనిషి ఏ పనిలో ఉన్నారు, ఒప్పుకుంటే పేరు, ఇవన్నీ ఫైలులోని డిస్క్రిప్షన్ గడిలోనే తెలుగులో రాయవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గి, తేదీతో సహా ఈ వివరాలు రాలిపోతాయి. ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నవి ఉన్నట్టే చేరతాయి. పాకాల, ఏటూరునాగారం అడవుల్లో గూటి మీది పక్షిని తీసినప్పుడు మాత్రం జీపీఎస్ తొలగించి, జిల్లా పేరు దగ్గర ఆపాలి. ప్రింటు తీయిస్తే వెనకవైపు అంచున మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా రాయాలి. బాల్‌పెన్ను గీత ముందువైపు ముఖాల మీదికి తేలుతుంది, సిరా ఆల్బమ్‌లో పక్క ఫోటోకు అంటుకుంటుంది.