తరంగం మనదే అన్నారు, మరి స్టేషన్ మాటేమిటి?

విశాఖలో మద్దిలపాలెం నుంచి గాజువాక వెళ్లడానికి సాయంత్రం పూట ఒక్కోసారి గంట పడుతుంది. మొన్నొక రోజు ఆ గంటంతా కారు రేడియో బటన్లు నొక్కుతూ కూర్చున్నాను. మొదటి స్టేషన్‌లో కొత్త సినిమా పాట. రెండోదాంట్లో ఫ్లాట్ల ప్రకటన. మూడోదాంట్లో ఇందాక మొదటి స్టేషన్‌లో వదిలేసిన పాటే, రెండో చరణం నడుస్తోంది. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఆగితే పక్క ఆటోలో కూడా అదే. పాట బాగానే ఉంది, దాని మీద నాకు కోపం లేదు. ఇంత పెద్ద ఊళ్లో, నేవీ, పోర్టు, స్టీలు ప్లాంటు, యూనివర్సిటీ పుణ్యమా అని దేశంలోని అన్ని భాషల వాళ్లూ బతుకుతున్న ఊళ్లో, ఏ బటన్ నొక్కినా ఒకే గొంతు వినిపించడమే నా బాధ.

నాకు రాక్ సంగీతం హాస్టల్లో పరిచయమైంది. మా సీనియర్ ఒకాయన, వాళ్ల నాన్నగారిది నేవీలో ఉద్యోగం, సెలవులకి ఇంటికి వెళ్లొచ్చినప్పుడల్లా బ్యాగు నిండా క్యాసెట్లు తెచ్చేవాడు. రాత్రి భోజనాలయ్యాక గదిలో లైటు తీసేసి వినేవాళ్లం. పన్నెండు నిమిషాల పాట ఉంటుందని, అందులో గాయకుడు నోరు విప్పడానికే నాలుగు నిమిషాలు పట్టొచ్చని అప్పుడే తెలిసింది. అలాంటి పాటల్ని రాత్రీ పగలూ వేసే స్టేషన్లు కొన్ని దేశాల్లో ఉంటాయని ఆయన చెబితే నమ్మలేదు. తర్వాత చాలా ఏళ్లకు ఒక ఉపగ్రహ రేడియో వచ్చింది. కిటికీ ఊచకి చిన్న యాంటెన్నా కట్టి, సిగ్నల్ గీతలు నిండేదాకా దాన్ని అటూ ఇటూ తిప్పేవాణ్ణి. అందులో రాక్‌కి విడిగా ఓ ఛానెల్ ఉండేది. 2009 డిసెంబరు 31తో ఆ సర్వీసు ఆగిపోయింది. ముందుగా కట్టిన చందా పోయిందన్న దానికంటే, ఆ నిర్ణయంలో వినేవాళ్లకి ఏ మాటా లేకపోయిందే అన్నది నన్ను ఎక్కువగా తొలిచింది.

రాక్ స్టేషన్లు పుట్టిన అమెరికాలో వాటి చరిత్ర చదివితే, వినేవాళ్లకి మాట ఉందా అన్న ఈ ప్రశ్నే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అక్కడ 1960ల మొదట్లో ఎఫ్ఎం అంటే ఎవరికీ పట్టని బ్యాండ్. అప్పట్లో అందరూ వినే బ్యాండ్ ఏఎం. ఆ ఏఎం స్టేషన్ ఉన్న యజమాని అందులో వచ్చేదాన్నే ఎఫ్ఎంలోనూ వేసి ఊరుకునేవాడు. లక్ష జనాభా దాటిన ఊళ్లలో సగం సమయానికి మించి అలా చెయ్యకూడదని 1964లో ఎఫ్‌సీసీ అనే నియంత్రణ సంస్థ నిబంధన పెట్టింది. 1967 నాటికి అది అమల్లోకి వచ్చింది. యజమానుల చేతిలో ఎలా నింపాలో తెలియని గంటలు మిగిలాయి. రాక్ అడుగుపెట్టింది ఆ ఖాళీలోకే. న్యూయార్క్‌లో డబ్ల్యూఓఆర్-ఎఫ్ఎం 1966లోనే మొదలుపెట్టింది. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేఎంపీఎక్స్‌కి టామ్ డోనహ్యూ అనే అనౌన్సర్ వెళ్లాడు. అప్పటిదాకా రకరకాల భాషల వాళ్లకి గంటల లెక్కన సమయం అమ్ముకుని బతికిన స్టేషన్ అది. మూడు నిమిషాల హిట్ పాటలు మానేసి ఆల్బమ్‌లలోని పొడవాటి పాటలు వేశాడు, మనుషులు మాట్లాడుకునేట్టు నిదానంగా మాట్లాడాడు. మరుసటి ఏడాది యాజమాన్యంతో గొడవొచ్చి సిబ్బంది సమ్మెకి దిగారు, తర్వాత కేఎస్ఏఎన్ అనే స్టేషన్‌కి మారారు. 1980 నవంబరులో ఆ కేఎస్ఏఎన్ కూడా రాక్ వదిలేసి కంట్రీ అనే అమెరికా పల్లె తరహా పాటలకి మారిపోయింది.

కుర్రకారు మోజు వల్లే రాక్ రేడియో వచ్చిందని, మోజు తీరాక పోయిందని అనుకుంటాం. మోజు ఉన్నమాట నిజమే. కానీ దానికి తలుపు తెరిచింది ఒక నిబంధన.

ఇక్కడ రాక్ అభిమానిగా నేను ఒప్పుకోవలసింది ఒకటుంది. 41 ఏళ్లు రాక్ వేసి 2009 ఆగస్టులో మూతపడిన బోస్టన్ స్టేషన్ డబ్ల్యూబీసీఎన్, 1968కి ముందు శాస్త్రీయ సంగీతం వేసేది. అంటే మాకు దొరికిన స్టేషన్ మరొకరు పోగొట్టుకున్నదే. న్యూయార్క్‌లో డబ్ల్యూఎన్‌సీఎన్ అనే శాస్త్రీయ సంగీత స్టేషన్ 1974లో రాక్‌కి మారినప్పుడు శ్రోతలు ఊరుకోలేదు. సంఘం పెట్టుకుని పోరాడారు, మరుసటి ఏడాది తమ సంగీతాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. వ్యాజ్యం మాత్రం అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏ సంగీతం వెయ్యాలన్నది మార్కెట్‌కి వదిలెయ్యాలన్న ఎఫ్‌సీసీ విధానాన్ని 1981లో కోర్టు సమర్థించింది. 1993లో అదే స్టేషన్ మళ్లీ రాక్ అయింది. ఈసారి ఆపడానికి శ్రోతల చేతిలో ఏమీ మిగల్లేదు.

1996లో అమెరికా మొత్తం మీద ఒక కంపెనీకి ఇన్ని స్టేషన్లే అన్న హద్దు కూడా ఎత్తేశారు. కొన్నేళ్లలోనే క్లియర్ ఛానెల్ అనే ఒక్క కంపెనీ చేతిలోకి సుమారు 1,200 స్టేషన్లు వచ్చాయి. ఏ ఊరి స్టేషన్‌కి ఏ పాటలో ఎక్కడో దూరంగా కూర్చుని తేల్చేసే పరిస్థితి వచ్చింది.

మన సంగతికొద్దాం. విశాఖలో ఆకాశవాణి 1963లో మొదలైంది. అప్పటికి పదేళ్ల క్రితమే మన దగ్గర పెద్ద పోరు జరిగింది. 1952లో సమాచార మంత్రి అయిన బి.వి.కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలు బాగా తగ్గించేస్తే, జనం చడీచప్పుడు లేకుండా రేడియో సిలోన్‌కి ముల్లు తిప్పేశారు. దిగొచ్చిన ప్రభుత్వం 1957లో వివిధభారతి పెట్టింది. శ్రోతలు గెలిచారు, ఎందుకంటే తిప్పుకోవడానికి వేరే స్టేషన్ ఒకటుంది. నేను కారులో మూడు బటన్లూ నొక్కి ఓడిపోయింది సరిగ్గా అక్కడే.

ప్రభుత్వం ప్రైవేటు ఎఫ్ఎం లైసెన్సులిచ్చిన మొదటి విడతలో దేశం మొత్తం మీద ప్రసారాలు మొదలైన ఊళ్లు పన్నెండే. అందులో విశాఖ ఒకటి. సన్ గ్రూపు వారి విశాఖ ఎఫ్ఎం అలా వచ్చింది. అదే తర్వాత ఎస్ ఎఫ్ఎం, ఆ తర్వాత రెడ్ ఎఫ్ఎం. రెండో విడతలో రేడియో మిర్చి, రేడియో సిటీ వచ్చాయి. ఆకాశవాణికి కూడా 102 ఫ్రీక్వెన్సీ మీద సొంత ఎఫ్ఎం ఛానెల్ రెయిన్‌బో ఉంది. పేర్లు మారాయి, జింగిల్స్ మారాయి, ఆర్‌జేల యాస మారింది. పాటల తీరు మాత్రం సినిమా హిట్లు దాటి బయటికి రాలేదు.

తప్పు ఆర్‌జేలదని నేను అనుకోను. వాళ్లలో మంచి సంగీతం తెలిసినవాళ్లు ఉన్నారు. లైసెన్సు వేలంలో దక్కుతుంది. దాని కోసం పెట్టిన డబ్బు, ఏటేటా కట్టే ఫీజు ప్రకటనల మీదే రావాలి. ప్రకటన ఇచ్చేవాళ్లు ఎక్కువమంది వినే స్టేషన్ అడుగుతారు. సొంతంగా వార్తలు చెప్పే వీలు లేదు, మూడో విడత కోసం ప్రభుత్వం తెచ్చిన 2011 విధానం ప్రకారం ఆకాశవాణి బులెటిన్‌ని ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, అంతే. నష్టభయం లేకుండా నడపాలంటే అందరూ ఒకే పాటల బుట్టలో చెయ్యి పెట్టాల్సిందే. ఒకే కంపెనీకి ఊళ్లో రెండో ఛానెల్ దొరికితే దాన్ని వేరే రకంగా నడుపుతుందన్న ఆశ చాలామందికి ఉండేది. అదే 2011 విధానం అందుకు వీలు కూడా ఇచ్చింది, ఊళ్లో మొత్తం ఛానెళ్లలో 40 శాతం మించకుండా. కానీ ఆ రెండో ఛానెల్ వేరుగా ఉండాలన్న షరతు పెట్టలేదు. షరతు లేనిచోట లాభం ఎటు లాగితే అటే పోతుంది.

1995 ఫిబ్రవరిలో క్రికెట్ ప్రసారాల కేసులో మన సుప్రీంకోర్టు రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి బి.పి.జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. డబ్ల్యూఎన్‌సీఎన్ కేసులో అమెరికా శ్రోతలకి దక్కని మాట అది. చెరువు ఊరిదైతే ఎవరి పొలానికి ఎంత నీళ్లో ఊరు కూర్చుని తేల్చుకుంటుంది. వేలంలో ఎక్కువ పాడినవాడికి చెరువంతా అప్పగించి, మిగతావాళ్లని వానకోసం చూడమనదు.

అందుకే నేను అడిగేది రాక్ కోసం మాత్రమే కాదు. ఉత్తరాంధ్ర జానపద కళ జముకుల కథకి, లలిత గీతానికి, మన కుర్రాళ్లు సొంతంగా కట్టుకున్న బ్యాండ్లకి కూడా చోటు లేదు. ఆర్కే బీచ్ మెట్ల మీద గిటార్ పట్టుకుని తెలుగులో సొంత పాట పాడుతున్న పిల్లల్ని ఈమధ్య చూశాను. డ్రమ్స్ లేక ఒకబ్బాయి ప్లాస్టిక్ బకెట్ బోర్లించి వాయిస్తున్నాడు. పాట అయ్యాక "రేడియోకి పంపించారా?" అని అడిగితే, "సినిమా పాట కాదు కదండీ, వెయ్యరు" అన్నాడు. అది ముందే తెలిసిన సంగతిలా, ఏమాత్రం బాధ లేకుండా చెప్పాడు.

ఫోన్లో అన్నీ దొరుకుతున్నాయి కదా, ఇంక రేడియో ఎందుకని అడుగుతారు. ఫోన్ నాకు నచ్చిందే నాకు మళ్లీ వినిపిస్తుంది. ఆ బకెట్ వాయించిన అబ్బాయి ఉన్నాడని నాకు తెలియాలంటే మన ఊరి మనిషి ఎవరో ఎంచి వినిపించాలి. పైగా హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరు 12 తర్వాత రోజుల్లో మన ఫోన్లు ఎందుకు పనికొచ్చాయో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు.

రెండో విడత స్టేషన్లు మూడో విడతలోకి మారినప్పుడు లైసెన్సుల గడువు 2015 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు అన్నారు. అంటే 2030లో షరతులు మళ్లీ రాసుకునే అవకాశం వస్తుంది. ఊరికి ఒక్క ఫ్రీక్వెన్సీ అయినా ఫీజు తగ్గించి, సినిమా పాటలు కానివాటికి ఇవ్వాలని అందులో రాయాలి. కుదరకపోతే రెండో ఛానెల్ తీసుకునేవాళ్లకి దాన్ని వేరుగా నడపాలన్న షరతైనా పెట్టాలి. అప్పటిదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటుంది. ప్రజల డబ్బుతో నడిచే రెయిన్‌బో, రాత్రి పది దాటాక ఒక్క గంట ఈ ఊరి బ్యాండ్లకి ఇవ్వొచ్చు. దానికి వేలం అక్కర్లేదు, ఆకాశవాణి ఒక ఆర్డరు ఇస్తే చాలు. ఆ స్టేషన్ సిరిపురంలో ఉంది, ఆ పిల్లలు పాడుతున్న మెట్ల నుంచి నడిచి వెళ్లొచ్చు.