కొడుకు నోట రాని రోగం

డాక్టరు గదిలో అత్తమ్మ పక్కన మా ఆయన కూర్చున్నాడు. డాక్టరుకు తెలుగు రాదు, అత్తమ్మకు మరాఠీ రాదు. "ఏమైతుందే అమ్మా?" అని కొడుకు అడిగితే ఆమె కాసేపు నేల చూసి "నీరసంగా ఉంటుంది బిడ్డా" అందట. ఆయన అదే మాట "అశక్తపణా" అని చెప్పాడు. బలం గోళీలు రాసిచ్చారు.

ముట్టు ఆగి పదేళ్లు దాటాక మళ్లీ రక్తం కనబడుతోందని ఆమె కొడుకుతో ఎట్లా చెప్పుకుంటుంది? చెప్పినా ఆయన దాన్ని మరాఠీలో ఏమని చెప్తాడు? మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడే మా సిరొంచలో బడికెళ్లిన మగపిల్లలకు మరాఠీ బాగానే వస్తుంది. "అంగావరూన్ జాణే" (కింద నుంచి రక్తమో తెల్లబట్టో పోవడం) అనే మాట మాత్రం ఆడవాళ్లు ఆడవాళ్లతోనే అనుకుంటారు. ఆ రోజు నేను వెళ్లాల్సింది. మిర్చి ఏరడానికి కూలీలు వచ్చారు, మామయ్య మంచంలో ఉన్నాడు, ఆగిపోయాను.

ముట్టు ఆగినాక రక్తం పడితే అది వయసు వల్ల అనుకోకూడదు. గర్భసంచి కాన్సర్‌కు అది మొదటి గుర్తు కావచ్చు, వెంటనే చూపించాలి. మాకు అసలు సంగతి తెలిసేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది.

మామయ్యకు గుండె జబ్బు వచ్చినప్పుడు గోదావరి దాటి వరంగల్ పోయాం, తర్వాత నాగపూర్ పోయాం. పొలం తాకట్టు పెట్టాం. ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అత్తమ్మ వంతు వచ్చేసరికి "ఈ వయసులో నాకెందుకు ఖర్చు" అని ముందు ఆమే అంది. అందరూ ఆ మాట పట్టుకున్నారు. ఐదు కాన్పులు ఇంట్లోనే పడ్డ మనిషి ఆమె. మా వాడకట్టులో ఎంతమంది బాలింతలకు నీళ్లు పోసిందో, మంచాన పడ్డ ఎంతమందికి గుడ్డలు మార్చిందో లెక్కలేదు. తన బట్టకు అంటిన మరక మాత్రం చీకట్లో ఒక్కతే ఉతుక్కుంది. చివరి మూడు నెలలు నేను ఒళ్లు తుడుస్తుంటే ఇవన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పింది. తలకొరివి పెట్టిన కొడుకును చూసి "తల్లిని బాగా చూసుకున్నాడు" అన్నారు జనం. నాకు కడుపు మండిపోయింది.

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. మన గడ్చిరోలి జిల్లాలోనే డాక్టర్లు రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షించి, 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. అప్పటికి మా అత్తమ్మ పసిపిల్ల తల్లి. ఆమెనూ ఎవరైనా అట్లా కూర్చోబెట్టి అడిగి ఉంటే!

30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వార కాన్సర్ పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. తెలుగు పల్లెలున్న ఈ తాలూకాలో ఆ మాట తెలుగులో చెప్పే నర్సు ఉండాలి. వెంట వచ్చిన మగవాళ్లను కాసేపు బయట కూర్చోమనాలి. అన్నలూ తమ్ముళ్లూ, మీ అమ్మ మీద మీకు ప్రేమ లేదని నేను అనడం లేదు. ఆ గదిలో ఆమె పక్కన ఒక ఆడమనిషిని ఉంచండి.

వాడకట్టులో ఎవరికైనా తోడు కావాలంటే నన్ను పిలవండి. నాకు మరాఠీ వచ్చు, ఆ మాటలూ వచ్చు. మిర్చి పనులున్నా సరే, ఈసారి ఆగను.