డాక్టరవ్వాలంటే తిండి గురించి చదవాలా?

మా అన్నయ్య కూతురు డాక్టరవుతానంటోంది. అంతవరకు బాగానే ఉంది. అమెరికాలో మెడికల్ స్కూల్‌లో చేరేముందు చేయాల్సిన నాలుగేళ్ల డిగ్రీకి మాత్రం ఆహార, పోషణ శాస్త్రం తీసుకుంది. "తిండి గురించి తెలుసుకోడానికి నాలుగేళ్లెందుకే, మూడు పూటలు చాలవా?" అన్నాను.

"కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి బాబాయ్" అంది.

వస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఒంట్లో తిండిని శక్తిగా మార్చే క్రెబ్స్ సైకిల్‌ని మిగతా పిల్లలు పరీక్ష ముందు రాత్రి బట్టీపట్టి మర్నాడు హాయిగా మర్చిపోతారు. వీళ్లకి ఆ సుఖం లేదు. థయమిన్, అంటే విటమిన్ బి1, లేకపోతే పిండిపదార్థాల నుంచి వచ్చే పైరువేట్ ఆ సైకిల్లోకి సరిగ్గా వెళ్లలేదని, అది ముదిరితే బెరిబెరి అని, దాంతో కాళ్లు పడిపోతాయని, గుండె దెబ్బతింటుందని ఒకసారి తెలిశాక, మర్చిపోదామన్నా కుదరదు.

ఇలాంటి పిల్లల్ని వైద్యంలోకి రానిస్తే ఏమవుతుందో పెద్దలు ఆలోచించాలి. అమెరికాలో 1985లోనే నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ ఒకటి, మెడికల్ విద్యార్థులకు పోషణ పాఠాలు కనీసం 25 గంటలైనా చెప్పమంది. సుమారు పాతికేళ్ల తర్వాత సర్వే చేస్తే సగటున 20 గంటలు కూడా తేలలేదు. నాలుగేళ్ల చదువులో ఒక్క రోజు నిండలేదన్నమాట. కొందరు దీన్ని లోపమంటారు. నేను ముందుచూపంటాను. "ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, కాస్త నడవండి." ఈ మూడు ముక్కలు చెప్పడానికి పది సెకన్లు చాలు. అదే మా అమ్మాయి ఆ కుర్చీలో కూర్చుందనుకోండి. ఇంట్లో వంట ఎవరు చేస్తారు, నైట్ డ్యూటీలున్నాయా, పళ్లు గట్టిగా ఉన్నాయా, నమలగలరా అని మొదలుపెడుతుంది. బయట క్యూ గేటు దాటుతుంది.

డాక్టర్లు తిండి జోలికి వెళ్లడం కొత్తేమీ కాదు. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు చిగుళ్లు వాచి రక్తం కారే స్కర్వీ జబ్బు పట్టిన 12 మంది నావికుల్ని ఆరు జంటలు చేశాడు. ఒక జంటకి వెనిగర్, ఒక జంటకి సముద్రపు నీళ్లు, ఇంకో జంటకి పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఒక జంటకి మాత్రం రోజుకి రెండేసి నారింజలు, ఒక్కో నిమ్మపండు. ఆ ఇద్దరే వారం తిరక్కుండా తేరుకున్నారు. ఇది చూసి బ్రిటిష్ నేవీ తొందరపడిందా? లేదు. నావికులకి నిమ్మరసం ఇవ్వాలని 1795లో నిర్ణయించింది. ఒక నిమ్మపండుని నమ్మడానికి 48 ఏళ్లు. హుందాతనమంటే అదీ!

ఆ నిమ్మపండులో ఉన్నదేమిటో ఆ తర్వాత సెంట్-జార్జి అనే శాస్త్రవేత్తకి చిక్కింది. వేరే చోట దొరికిన ఆ పదార్థం ఏమిటో మొదట్లో ఆయనకే అంతుపట్టక, తెలియదనే అర్థం వచ్చేలా 'ఇగ్నోస్' అని పేరు పెట్టబోయాడు. ఎడిటర్ ఒప్పుకోలేదు. అయితే 'గాడ్‌నోస్', అంటే దేవుడికే తెలుసు, అన్నాడు. అదీ కొట్టేశారు. మనకి తెలిసిన విటమిన్ సి అదే. 1937లో ఆయనకి నోబెల్ కూడా ఇచ్చారు. మా అమ్మాయి ఈ కథ ఎంతో గౌరవంగా చెప్పింది. నాకు మాత్రం భయమేసింది. గుడ్డు మంచిదా కాదా అని అడిగితే ఈ పిల్ల కూడా "ఎవరికి బాబాయ్?" అంటోంది. ఇలాంటి సమాధానాలకి ఎవరైనా ఫీజు ఇస్తారా?

పోనీ మెడిసిన్ వద్దు, పీహెచ్‌డీకి వెళ్లు, అక్కడ తెలియదంటే కూడా గౌరవిస్తారు అని సలహా ఇచ్చాను. అందుకూ సిద్ధంగానే ఉంది. జనం నిన్న ఏం తిన్నారో అడిగి రాసుకునే ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేస్తోందట. తిన్నదాన్ని తక్కువ చేసి చెప్పడం జనానికి మామూలేనట. ఐసోటోపులు, అంటే మామూలు వాటికన్నా కాస్త బరువైన పరమాణువులు, కలిపిన నీళ్లు తాగించి, మూత్రం పరీక్షించి, ఒంట్లో ఎంత శక్తి ఖర్చయిందో లెక్కగడతారట. చెప్పిన తిండి ఆ ఖర్చుకి సరిపోదట. నోరు దాచినా మూత్రం దాచదన్నమాట.

ప్రాక్టీస్‌కి నన్నే కూర్చోబెట్టింది. నిన్నటి రోజంతా చెప్పాను. చెబుతుంటే నా మీద నాకే గౌరవం కలిగింది, అంత పద్ధతిగా ఉంది.

"నాలుగింటికి టీ అన్నావు. దాంతో ఏమైనా తిన్నావా?"

"రెండు బిస్కెట్లు."

"ప్యాకెట్ ఉందా? బరువు చూసుకుంటాను."

ప్యాకెట్ తెచ్చిచ్చాను. ఖాళీది.

అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ అనలేదు. జనాన్ని తప్పుపట్టినట్టు మాట్లాడకూడదని వాళ్లకి నేర్పుతారట. పెన్సిల్ పట్టుకుని ఎంతో మర్యాదగా ఆఖరి ప్రశ్న అడిగింది.

"ఇంకేమైనా గుర్తొస్తోందా బాబాయ్, పిన్నిని అడగనా?"