జాగ్రత్త పేరుతో కొవ్వు ఆపేయడం

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు గ్లూకోజు, ప్రొటీను మొదటి రోజే మొదలుపెట్టి, నరం ద్వారా ఎక్కించవలసిన కొవ్వును మాత్రం ‘కాస్త కుదుటపడ్డాక చూద్దాం’ అని వాయిదా వేసే ధోరణి నాకు మింగుడుపడదు. చివరి మూడు నెలల్లో చేరవలసిన కొవ్వు చేరకముందే బయటికి వచ్చేసిన ఆ బిడ్డ ఒంట్లో నిల్వలు బహు స్వల్పం. వాటితోనే నెట్టుకురమ్మంటే, శరీరం సొంతంగా తయారుచేసుకోలేని లినోలిక్ ఆమ్లం వంటి వాటి లోటు కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది.

కొవ్వు రక్తంలో పేరుకుపోతుందన్న భయానికి ఆధారమే లేదని అనను. సిరంజి పంపులోని ఎమల్షన్ అనే ఆ తెల్లటి ద్రవంలో కొవ్వు సూక్ష్మమైన బిందువులుగా ఉంటుంది. అవి రక్తంలో చేరి, అక్కడ కొవ్వును మోసుకెళ్లే కణాల్లో ఒకటైన హెచ్‌డీఎల్ నుంచి కొన్ని ప్రొటీన్లను అందుకున్నాక, రక్తకేశనాళికల గోడలను అంటిపెట్టుకుని ఉండే లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైము వాటిలోని ప్రధాన కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్లను కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. 28 వారాలలోపే పుట్టిన శిశువుల్లో ఈ ఎంజైము చురుకుదనం బాగా తక్కువ. అది విడగొట్టగల వేగాన్ని మించి పంపితే కొవ్వు రక్తంలోనే నిలిచిపోతుంది. పరీక్షకు తీసిన రక్తంలో ప్లాస్మా పాలలా కనిపించేది అందుకే. ఇన్‌ఫెక్షన్ సోకితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

కానీ దీన్నిబట్టి తేలేది వేగం తగ్గించాలనే కదా! ఒక రోజు మోతాదును కొన్ని గంటల్లో కాకుండా 24 గంటలకూ సమంగా పరిచి ఇస్తే ఆ కొద్దిపాటి ఎంజైమే చాలావరకు నెట్టుకొస్తుంది. పలచనిది సురక్షితమన్న నమ్మకమూ ఇక్కడ తలకిందులవుతుంది: 10 శాతం కొవ్వున్న ఎమల్షన్‌లో కొవ్వుతో పోలిస్తే బిందువులు విడిపోకుండా నిలిపే ఫాస్ఫోలిపిడ్ల వాటా ఎక్కువ కాబట్టి, అవే కొవ్వు తొలగింపుకు అడ్డుపడతాయి, 20 శాతం ఎమల్షనే మేలు.

2018 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు కొవ్వును పుట్టిన వెంటనే, ఆలస్యమైనా రెండు రోజులు దాటకుండా మొదలుపెట్టమంటున్నాయి. కిలోకు రోజుకు 4 గ్రాములు మించవద్దంటున్నాయి. శిశువుల్లో ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 265 మిల్లీగ్రాములు దాటితే మోతాదు తగ్గించే ఆలోచన చేయమన్నాయే గానీ, ఆ ఒక్క అంకె చూసి మొత్తం ఆపేయమనలేదు. తీవ్రమైన కామెర్లున్నప్పుడు మాత్రం మరింత కనిపెట్టి ఉండాలి, ఎందుకంటే విడివడిన కొవ్వు ఆమ్లాలు రక్తంలోని వాహక ప్రొటీనైన అల్బుమిన్‌పై చోటు కోసం కామెర్లకు కారణమైన బిలిరుబిన్‌తో పోటీపడతాయి. వారాల తరబడి సోయా నూనెతో చేసిన ఎమల్షన్ ఒక్కటే ఇస్తే కాలేయానికి కలిగే ఇబ్బంది వేరే చర్చ. అక్కడ ప్రశ్న ఏ నూనె అన్నది.

ట్రైగ్లిజరైడ్లు పెరిగాయనగానే కొవ్వు పంపు వైపు చెయ్యి చాచేవారు, గ్లూకోజు ఎంత వెళ్తోందో కూడా లెక్క చూడాలి. ఎక్కువైన గ్లూకోజును కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకే వదులుతుంది.